నవ్వని రబ్బీ, తెగిన గొంతు
సంతోషమును గూర్చిన తల్మూదు హాస్యాన్ని ఎలా చదవాలి?

ఎస్తేరు గ్రంథం తొమ్మిదవ అధ్యాయం పాఠం చెప్పిన ప్రతి సంవత్సరమూ ఎవరో ఒక విద్యార్థి చెయ్యెత్తి అడిగే ప్రశ్న ఒకటుంది. పూరీము విందులో త్రాగి మత్తిల్లి, తోటి రబ్బీ గొంతు కోసిన రబ్బీ కథ యూదుల గ్రంథంలో ఉన్నదట, నిజమేనా? నిజమే. ఉన్నది. బబులోను తల్మూదు, మెగిల్లా 7బి. అంతటితో ఆ విద్యార్థి ముఖంలో ఒక తృప్తి కనబడుతుంది, ఒక వాదం గెలిచినట్లు. ఆ తృప్తిని గూర్చియే ఈ వ్యాసం.

మొదట వాక్యభాగాన్ని ఉన్నది ఉన్నట్లు చూద్దాము. రావా అనే బోధకుడు ఒక నియమం చెప్పాడు: పూరీము నాడు హామానుకు శాపం, మొర్దెకైకి దీవెన అనే రెండింటికీ తేడా తెలియనంతవరకు మనిషి మత్తిల్లవలసియున్నది. వెంటనే కథ. రబ్బా, రబ్బీ జేరా కలిసి పూరీము విందు చేసుకున్నారు. మత్తెక్కింది. రబ్బా లేచి రబ్బీ జేరా గొంతు కోశాడు. మరునాడు దేవుని కరుణ వేడుకొని ఆయనను బ్రదికించాడు. మరుసటి సంవత్సరం రబ్బా మళ్లీ విందుకు పిలిచాడు. ప్రతి గడియలోనూ అద్భుతం జరుగదు సుమా అని రబ్బీ జేరా తప్పుకున్నాడు. కథ అంతే. ఎవరూ ఎవరినీ గద్దించలేదు, ప్రాయశ్చిత్తం లేదు, వ్యాఖ్య లేదు.

ఇక్కడ ఒక చిన్న సవరణ. నియమం చెప్పినవాడు రావా, గొంతు కోసినవాడు రబ్బా. ఇద్దరూ వేరు. రబ్బా ముందు తరం వాడు, రావా తరువాతివాడు. మన ప్రసంగాలలో ఈ ఇద్దరినీ ఒక్కరినే చేసి, నియమం పెట్టినవాడే హంతకుడయ్యాడని చెప్పడం మేము విన్నాము. రెండు గిన్నెలు త్రాగిన తరువాత రావాకూ రబ్బాకూ తేడా తెలియకపోవడం సహజమే గాని, ప్రసంగ వేదిక మీద అది తగదు.

ఈ కథను ఎదుర్కొన్న పాఠకులు సాధారణంగా రెండు దారులలో ఒకటి పడతారు. జరిగిందని నమ్మి అసహ్యించుకుంటారు. లేదా ఇది నీతికథ, మద్యపానం చెడ్డదని చెప్పడానికి రాశారు అని చదును చేసి సర్దుకుంటారు. రెండవ దారి మన సంఘాలకు ఎక్కువ అనుకూలం. ద్రాక్షారసం పేరెత్తితేనే సంఘపెద్దలు కుర్చీలో సర్దుకొని కూర్చునే చోట, ఆ నీతి చెప్పి కూర్చోవడం సులభం. యూదు వ్యాఖ్యాతలలో కూడా దానికి ఆధారం లేకపోలేదు. రబ్బేను ఎఫ్రాయిము అనే మధ్యయుగపు పండితుడు, నియమం వెంటనే కథను పెట్టడంలోని ఉద్దేశం ఆ నియమాన్ని కొట్టివేయడమేనన్నాడు. పన్నెండవ శతాబ్దపు మైమోనిదెస్ మరింత గడుసుగా తేల్చాడు: త్రాగాలి, త్రాగి నిద్రపోవాలి. నిద్రపోయినవానికి శాపానికీ దీవెనకూ తేడా తెలియదు గదా, నియమం నెరవేరింది! కత్తి పట్టుకొనే శక్తీ ఉండదు. మరికొందరు లెక్క వేసి చూపారు. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువ కట్టితే ‘హామాను శాపగ్రస్తుడు’ అనే మాటకు 502 వస్తుంది, ‘మొర్దెకై దీవింపబడినవాడు’ అనే మాటకూ 502యే వస్తుంది. కాబట్టి తేడా తెలియకపోవడమంటే ఈ కూడిక చేయలేకపోవడమేనట. ఎంత తక్కువ త్రాగితే కూడిక తప్పుతామో గణితం వచ్చినవారే చెప్పాలి.

ఈ వివరణలన్నీ నవ్వుతూ చెప్పినవేనా, గంభీరంగా చెప్పినవేనా? మా ఉద్దేశంలో ఆ రెంటినీ విడదీయాలనుకోవడమే మనం చేసే పొరపాటు. ఇవి ధర్మశాస్త్ర నిర్ణయాలే. ఇంట్లో ఆ రాత్రి ఎంత త్రాగాలో తేల్చే తీర్పులే. అయినా వాటి కంటి కొసలో నవ్వుంది. నియమం వాడిన అరామిక్ క్రియాపదమే చూడండి: దాని ధాతువు సుగంధద్రవ్యానికి సంబంధించినది. ‘మత్తిల్లు’ అని అనువదిస్తున్నాము గాని, మూలంలో ‘పరిమళించు’ అనే వాసన మిగిలియున్నది. తెలుగులో ఆ రెండూ ఒక మాటలో ఇమడవు.

రబ్బీ జేరా ఎవరు?

కథలో చంపబడినవాడు ఎవరో పట్టించుకోకుండా ఈ కథను చదవడం, మా దృష్టిలో, వ్యాఖ్యానకారులు చేసిన పెద్ద లోపం. తల్మూదు పాఠకులకు రబ్బీ జేరా పాతపరిచయస్థుడు. బబులోను నుండి ఇశ్రాయేలు దేశానికి వెళ్లేటప్పుడు, నేర్చుకున్న బబులోను విద్య తనను ఇబ్బంది పెట్టకుండా మరచిపోవాలని నూరు ఉపవాసాలున్నవాడు. నరకాగ్ని తనపై పని చేయకూడదని పరీక్షించుకోవడానికి మండే పొయ్యిలో కూర్చున్నవాడు. ఒకనాడు కాళ్లు కాలి, కాలిన కాళ్ల పొట్టివాడని పేరు తెచ్చుకున్నవాడు (బావా మెసియా 85ఎ). నవ్వు నాలుగు విధాల చేటు అని మన పెద్దలన్నది ఈయన చెవిన పడితే, నాలుగే ఎందుకని అడిగియుండేవాడు.

ఆయన ఎదుట ఎప్పుడూ కనిపించే శిష్యుడు రబ్బీ యిర్మీయా. మన అవధానాలలో అప్రస్తుత ప్రసంగి ఎలాగో, బేత్ మిద్రాషులో ఈయన అలాగు. పావురాల గూటికి యాభై మూరల లోపల దొరికిన పిల్ల గూటి యజమానిది, అవతల దొరికితే దొరికించుకున్నవానిది అని నియమం. పిల్లకు ఒక కాలు యాభై మూరల లోపల, ఒక కాలు వెలుపల ఉంటే? అని అడిగాడు యిర్మీయా. ఈ ప్రశ్నకే ఆయనను పాఠశాల నుండి వెళ్లగొట్టారని తల్మూదు చెబుతున్నది (బావా బాత్రా 23బి). తరువాత ఒక వినయపూర్వకమైన జవాబు పంపి మళ్లీ లోపలికి వచ్చాడు. నిద్దా 23ఎలో ఆయన మరింత వింత ప్రశ్న అడుగుతాడు. స్త్రీ గర్భమున పశురూపంలో పుట్టినదానిని కూడా శిశువుగా ఎంచాలన్న రబ్బీ మేయీరు అభిప్రాయం ప్రకారం, దాని తండ్రి దానికి వివాహ నిశ్చయం చేస్తే చెల్లుతుందా? అక్కడ సంకలనకర్త కలం ఆపి ఒక మాట చేర్చాడు: రబ్బీ జేరాను నవ్వించడానికి యిర్మీయా ఇంతదూరం వెళ్లాడు, అయినా ఆయన నవ్వలేదు.

ఈ చిన్న మాటను మేము చాలా విలువైనదిగా ఎంచుతున్నాము. తల్మూదు తన లోపల ఎక్కడ హాస్యమున్నదో సాధారణంగా గుర్తు పెట్టి చెప్పదు. ఇక్కడ చెప్పింది. అంటే ఆ ప్రశ్న అడిగినవాడికీ, రాసినవాడికీ, చదివినవాడికీ అది నవ్వు కోసమని తెలుసు. తెలిసి కూడా దానికి ధర్మశాస్త్రపరంగా సమాధానం వెదికారు. హాస్యమని తెలిస్తే వదిలివేయాలనీ, గంభీరమైతేనే చర్చించాలనీ వారు అనుకోలేదు.

బెరాఖోత్ 30బి–31ఎలో మరొక దృశ్యం. అక్కడ విషయం ప్రార్థనకు తగిన గంభీరత. రవీనా కుమారుడైన మార్ తన కుమారుని పెండ్లిలో రబ్బీలు మితిమీరి సంతోషించడం చూసి నాలుగు వందల జూజుల విలువగల గిన్నె తెచ్చి వారి ఎదుట పగులగొట్టాడు. అందరి ముఖాలు వాడిపోయాయి. అదే పెండ్లిలో హమ్నునా అనే రబ్బీని పాట పాడమంటే, మనమందరం చావవలసినవారమే అయ్యో అని పాడాడట. పెండ్లి పందిట్లో! మేమేమి వంత పాడాలి అని మిగిలినవారు అడిగారు. దీనిని చదివి బోధకులు గంభీరతను గూర్చి ప్రసంగించవచ్చు, ప్రసంగించారు కూడా. కాని అదే పుటలో యిర్మీయా మితిమీరిన సంతోషంతో రబ్బీ జేరా ఎదుట కూర్చొని ఉన్నాడు. కష్టములో లాభమున్నదన్న సామెతలు 14:23ను గురువు గుర్తుచేశాడు. ఆ వచనం కష్టపడి పనిచేయడాన్ని గూర్చినది. హెబ్రీ మాటకు దుఃఖమనే అర్థం కూడా ఉన్నది గనుక రబ్బీ జేరా దానిని దుఃఖం వైపు త్రిప్పాడు. శ్లేషను ఎన్నడూ మెచ్చనివాడు శ్లేషతోనే మందలించాడు! శిష్యుని జవాబు: నేను తెఫిల్లీన్ కట్టుకొని ఉన్నాను. అంటే దేవుని ఆజ్ఞలు నా నుదుట ఉండగా నా సంతోషం ఎక్కడికి దారి తప్పుతుంది అని. అరామిక్‌లో ‘చూచెను, చెప్పెను’ అని మాత్రమే ఉండడం వలన ఎవరు ఎవరిని మందలించారన్నది వాక్యంలో స్పష్టంగా లేదు. సాధారణ పఠనం మేము పైన చెప్పినదే. నవ్వని రబ్బీయే ఆ రోజు సంతోషంగా ఉన్నాడని, అల్లరి శిష్యుడే మందలించాడని చదవడానికి వ్యాకరణం అడ్డురాదు. మాకు ఆ పఠనం మీద మమకారం ఉందని ఒప్పుకుంటున్నాము గాని, దానిని రుజువు చేయలేము.

ఇప్పుడు పూరీము కథ దగ్గరకు తిరిగి రండి. గొంతు తెగినవాడు లోకంలో ఎవరో ఒకరు కాదు, ఎవరెంత ప్రయత్నించినా నవ్వనివాడు. తిరిగి లేచిన తరువాత కూడా కేకలు వేయక, మరుసటి ఏట ఆహ్వానాన్ని ఒక్క ముక్కలో త్రిప్పికొట్టాడు. ఆ ముక్క ఆయన నోట వచ్చిన హాస్యం. నవ్వించలేకపోయినవారి మధ్య, చచ్చి బ్రదికిన తరువాత, ముఖం కదపకుండా ఆయనే అందరినీ నవ్వించాడు. ఇది చరిత్రా, కల్పనా అనే చర్చ అవసరమే. అంతకుముందు ఇది ఎవరి మీద, ఎవరు, ఎవరి కోసం చెప్పిన కథ అన్నది గ్రహించాలి. విమర్శలో దానిని మనం సాహిత్య ప్రక్రియ అంటాము. కీర్తనలు చదివేటప్పుడు ప్రక్రియను గుర్తించమని గున్కెల్ పేరు చెప్పి విద్యార్థులకు మార్కులు వేస్తున్నాము గదా. తల్మూదు దగ్గరకు రాగానే ఆ పాఠం మరచిపోతున్నాము.

ఏదెనులో హామాను

హాస్య వ్యాఖ్యానానికి మరో మంచి ఉదాహరణ హుల్లీన్ 139బి. చర్చ నడుస్తున్నది పక్షి గూటి నియమం మీద (ద్వితీయోపదేశకాండము 22:6). మధ్యలో పపూనియా ఊరివారు రవ్ మత్తనాను అడుగుతారు: ధర్మశాస్త్రంలో హామాను ఎక్కడ ఉన్నాడు? జవాబు: ఆదికాండము 3:11లో. తినవద్దన్న వృక్షఫలాలు తిన్నావా అని దేవుడు ఆదామును అడిగిన చోట ‘ఆ చెట్టు నుండియేనా’ అనే హెబ్రీ మాటను అచ్చులు మార్చి పలికితే ‘హామాను’ అవుతుంది. పైగా అతని చివరి గతి కూడా చెట్టు మీదనే. ఎస్తేరు ఎక్కడ? ద్వితీయోపదేశకాండము 31:18లో, దేవుడు తన ముఖాన్ని మరుగుచేస్తానన్న క్రియాపదంలో. మొర్దెకై? నిర్గమకాండము 30:23లోని గోపరసంలో, దాని అరామిక్ అనువాదం ‘మీరా దఖ్యా’ అనే పలుకుబడిలో. మోషే? ఆదికాండము 6:3లోని ఒక చిన్న మాటకు అంకెల విలువ 345, మోషే పేరుకూ 345; అదే వచనంలో నరుల ఆయుష్కాలం నూట ఇరువది ఏండ్లు.

మోషే ఎవరో ధర్మశాస్త్రంలో నాలుగు కాండల నిండా ఉండగా, ఆయన ఎక్కడున్నాడని అడగడంలోనే చిరునవ్వు తెలుస్తున్నది. అలాగని ఇదంతా ఆటేనా? ఎస్తేరు గ్రంథమంతటిలో దేవుని పేరు లేదు. ఆ గ్రంథం నాయిక పేరును దేవుని దాగిన ముఖంతో ముడివేయడం ఆట రూపంలో చేసిన వేదాంతం. ఆటనూ వేదాంతాన్నీ వేరుచేయాలని ప్రయత్నిస్తే రెండూ చేతిలో మిగలవు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఇంటర్నెట్టు చేతికి వచ్చిన తరువాత తెలుగు ప్రసంగ వేదికల మీద హెబ్రీ అంకెల విలువలూ, దాగిన పేర్లూ విరివిగా వినబడుతున్నాయి. ఫలాని మాటకు ఇంత విలువ, ఫలాని పేరుకు అంతే విలువ, కాబట్టి ఇది ప్రవచనం అని. పపూనియావారు నవ్వుతూ అడిగినదాన్ని మనం నవ్వకుండా ప్రకటిస్తున్నాము. 502 ఉదాహరణ అందుకే ముందు చెప్పాము. ఆ పద్ధతి హామాను శాపాన్నీ మొర్దెకై దీవెననూ ఒక్కటి చేయగలదని దానిని కనిపెట్టినవారికి తెలుసు. తెలిసి పూరీము నాటికి దాచుకున్నారు. మనం ఆదివారం ఉదయం వాడుతున్నాము.

షబ్బాత్ 30బి చెప్పేది వేరు తరహా. ప్రసంగి గ్రంథం తనలో తాను విభేదిస్తున్నది గనుక దానిని దాచివేయాలని జ్ఞానులు తలచారట. 2:2లో సంతోషం వలన ప్రయోజనమేమని అడిగిన ప్రసంగి 8:15లో సంతోషాన్ని పొగిడాడు. సమాధానం: పొగిడినది ఆజ్ఞ నెరవేర్చుటలోని సంతోషాన్ని, ప్రశ్నించినది అది లేని సంతోషాన్ని. నవ్వు సంగతి? 2:2లో నవ్వుకు వాడిన హెబ్రీ మాట ‘వెర్రి’ అని గాక ‘స్తుతింపబడినది’ అని కూడా చదవడానికి వీలుగా ఉన్నది. కాబట్టి అది రాబోవు లోకంలో దేవుడు నీతిమంతులతో కలిసి నవ్వే నవ్వు అన్నారు. మన తెలుగు బైబిలు ‘వెర్రి’ని మాత్రమే ఎంచుకున్నది, అది సరైన ఎంపికే. అయితే మూలంలో వెర్రితనమూ స్తుతీ ఒకే అక్షరాలను పంచుకుంటున్నాయని బోధకునికి తెలియడం మంచిది. అదే పుటలో రబ్బా విద్యార్థులకు పాఠం మొదలుపెట్టేముందు ఒక హాస్యపు మాట చెప్పేవాడనీ, వారు నవ్వేవారనీ, ఆ తరువాత భయభక్తులతో కూర్చొని పాఠం చెప్పేవాడనీ ఉన్నది. ఆ హాస్యపు మాట ఏమిటో మాత్రం రాయలేదు. ఈ రబ్బాయే పూరీము నాడు కత్తి పట్టినవాడు.

నవ్వు తెలియనివారి చేతిలో

పద్నాలుగవ శతాబ్దం నాటికి ఈ ధోరణి ఒక సాహిత్య ప్రక్రియగా స్థిరపడింది. కలోనిముసు బెన్ కలోనిముసు రోములో ఉన్నప్పుడు ‘మస్సెఖెత్ పూరీము’ రాశాడు. తల్మూదు భాషలో, తల్మూదు వాదపద్ధతిలో, విందులో ఏయే వంటకాలుండాలో సీనాయి మీద మోషేకు చెప్పబడినట్లు చర్చించే గ్రంథం. లేవి బెన్ గెర్షోముకు ఆపాదింపబడిన మరొక రచనలో హబక్కూకు ప్రవక్త పేరు ‘హబక్బూకు’, అనగా సీసా, అయింది. ధర్మశాస్త్రం గురుపరంపరగా దిగివచ్చిన వరుసలో మోషే, యెహోషువల స్థానంలో నోవహు, లోతు, నాబాలు, బెల్షస్సరు, అహష్వేరోషు నిలిచారు. అందరూ ద్రాక్షారసంతో పరిచయమున్నవారే. 1907లో ఇశ్రాయేలు డేవిడ్‌సన్ ఈ అనుకరణ సాహిత్యం మీద ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రచురించాడు. ఇప్పటికీ అది ఉపయోగపడేదే.

పరిశుద్ధమని ఎంచినదానితో ఇలా ఆడుకోవడం అపవిత్రం కాదా అని పాఠకులు అడగవచ్చు. యూదులలోనూ అభ్యంతరం చెప్పినవారున్నారు. మేము గమనించినంతవరకు ఇలాంటి అనుకరణ ధర్మశాస్త్రాన్ని కంఠస్థం చేసినవాడికే చేతనవుతుంది, అలాంటి పాఠకునికే అర్థమవుతుంది. వాక్యం తెలియనివాడు దానిని హేళన చేయగలడు గాని అనుకరించలేడు.

నవ్వును గుర్తించలేని పాఠకుడు ఏమి చేయగలడో చరిత్రలో ఉన్నది. 1240లో పారిస్‌లో నికొలాసు దోనిన్ తల్మూదు మీద నేరారోపణలు చేశాడు. అందులోని కథలను అక్షరార్థంగా తీసుకొని దూషణ అనీ, మూర్ఖత్వమనీ నిరూపించబూనాడు. 1242లో బండ్లకొద్దీ చేతివ్రాత ప్రతులు తగలబెట్టారు. 1700లో ఐజెన్‌మెంగర్ రెండు సంపుటాలలో అదే పని మరింత పాండిత్యంతో చేశాడు. అతని ఉల్లేఖనాలలో పెక్కు నిజమైనవే. లేనిదల్లా అవి ఏ గొంతుతో పలికినవో వినే చెవి. తరగతిలో చెయ్యెత్తిన విద్యార్థి ముఖంలోని తృప్తి మమ్మును కలవరపెట్టడానికి కారణం ఇదే. ఆ తృప్తికి పూర్వీకులున్నారు, వారు క్రైస్తవులు.

అలాగని నవ్వు ఎప్పుడూ నిర్దోషి అని చెప్పబోము. 1994 ఫిబ్రవరి 25న, పూరీము దినాన, హెబ్రోనులో పితరుల సమాధి స్థలంలో నమాజు చేస్తున్న 29 మందిని ఒక యూదు సాయుధుడు కాల్చి చంపాడు. ఎలియట్ హొరోవిట్స్ 2006లో ప్రచురించిన ‘రెక్‌లెస్ రైట్స్’లో పూరీము హింసకు ప్రేరణగా పనిచేసిన చరిత్రను దాచకుండా రాశాడు, ఆయనా యూదుడే. తలక్రిందుల పండుగలో శత్రువు మీద పడే నవ్వు పండుగ దాటి వచ్చేయగలదు. ఎస్తేరు 9వ అధ్యాయంలోని సంహారం ప్రసంగించేవారు ఈ సంగతి ఎరిగి ప్రసంగించాలి.

తల్మూదుకు ఈ భయం లేకపోలేదు. ఐగుప్తీయులు సముద్రంలో మునుగుతుండగా దూతలు పాడబోతే దేవుడు వారించాడని మెగిల్లా 10బి చెబుతున్నది. తన చేతిపని మునిగిపోతుంటే పాటలా అని. మరి నాలుగు పుటల అవతల, 14ఎలో, ఇంకొక ప్రశ్న. పస్కానాడు హల్లేలు కీర్తనలు పాడుతున్నాము, పూరీము నాడు ఎందుకు పాడము? పలువురు పలు జవాబులిచ్చారు. రావా జవాబు: ఐగుప్తు విడిచినప్పుడు ఫరో దాసులము కాకుండా పోయాము, పూరీము తరువాత కూడా అహష్వేరోషు దాసులమే గదా.

తేడా తెలియనంతవరకు త్రాగమన్నవాడే ఈ రావా. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదివినవారు తక్కువ. చావు తప్పింది, రాజు మారలేదు, రాజ్యం మారలేదు. కీర్తన పాడేంత విడుదల రాలేదు. అలాంటివారికి రావా అనుమతించిన సంతోషం ఒక రాత్రి మత్తు, ఒక వెక్కిరింత. అదారు మాసం వస్తే సంతోషం పెంచాలన్న ప్రసిద్ధ వాక్యం కూడా (తానీత్ 29ఎ) చూడండి. దాని వెంటనే వచ్చే ఆచరణ సలహా నృత్యం కాదు, అన్యులతో వ్యాజ్యమున్నవాడు దానిని ఆబు మాసంలో తప్పించుకొని అదారులో పెట్టుకోవాలి! కోర్టు వాయిదా ఎప్పుడు వేయించుకోవాలో చూసుకోవలసిన ప్రజల సంతోషమిది.

అదే తానీతు 22ఎలో, బే లెఫెత్ సంతలో రబ్బీ బెరోకాకు ఏలీయా కనబడి, ఇద్దరు అన్నదమ్ములను చూపి వీరు రాబోవు లోకపు పాలివారన్నాడు. మీరేమి చేస్తారని రబ్బీ వారిని అడిగాడు. మేము హాస్యగాళ్లము, దుఃఖంలో ఉన్నవారిని నవ్విస్తాము, జగడమాడేవారి మధ్య సమాధానం చేస్తాము అన్నారు. మైమోనిదెస్ కూడా పూరీము నియమాల చివర విందు కంటే బీదలకిచ్చే కానుకలకే ఎక్కువ వెచ్చించమని, బీదలను, అనాథలను, విధవరాండ్రను, పరదేశులను సంతోషపెట్టడం కంటే గొప్ప సంతోషం లేదని రాశాడు. అక్కడ హాస్యం లేదు, అవసరమూ లేదు.

రబ్బీ జేరాను గూర్చి ఇంకొకటి మిగిలియున్నది. కెతుబోత్ 17ఎలో రబ్బీ షెముయేలు అనే వృద్ధుడు పెండ్లికుమార్తెల ఎదుట మూడు గొంజి కొమ్మలు ఎగురవేసి పట్టుకుంటూ నాట్యమాడేవాడు. ఈ ముసలాయన మన పరువు తీస్తున్నాడని రబ్బీ జేరా చిరాకుపడ్డాడు. ఆ వృద్ధుడు చనిపోయినప్పుడు ఆయనకూ లోకానికీ మధ్య అగ్నిస్తంభం నిలిచింది. దానిని చూసి రబ్బీ జేరా ఒక మాటన్నాడు, ఆ మాటను తల్మూదు మూడు విధాలుగా భద్రపరచింది. ముసలాయనకు ఆయన కొమ్మ అక్కరకు వచ్చింది అన్నాడట. కాదు, ఆయన పద్ధతి అక్కరకు వచ్చింది అన్నాడట. కాదు, ఆయన వెర్రితనం అన్నాడట. అరామిక్‌లో ఆ మూడు మాటలకూ ఒకటి రెండు అక్షరాలే తేడా. ఏది అన్నాడో వినినవారు తేల్చుకోలేకపోయారు.